తల మీద చెయ్యి

మధ్యాహ్నం మూడు దాటింది. ఇంతవరకూ డెలియాను చూసి ఒక్కరూ భయపడలేదు.

ఆ రోజు డెలియా దెయ్యం. ఊడిన పళ్ళ ముసలి మంత్రగత్తె మాస్కు పెట్టుకుంది. కాళ్ళ దాకా వేలాడే నల్లగౌను వేసుకుంది. కోవాచ్ వాళ్ళ ఆపిల్ తోటలో, పాత చెక్క కొట్టం లోపల, ఒక గడ్డిమోపు మీద నించుని పొద్దున్నించీ దూకుతూనే ఉంది.

మామూలు రోజుల్లో ఆ కొట్టంలో ట్రాక్టర్లు ఉంటాయి. దెయ్యాల పండగ హాలోవీన్ దగ్గరపడేసరికి ట్రాక్టర్లను బయటికి తోలేసి, కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, దూలాలకు దూదితో చేసిన సాలెగూళ్ళు వేలాడదీస్తారు. ఊళ్ళో పిల్లలే దెయ్యాలు. పదేళ్ళు నిండితే గానీ ఆ ఉద్యోగం ఇవ్వరు. డెలియాకు పోయిన నెలలోనే పదేళ్ళు నిండాయి.

తలుపు కిర్రుమంది. ఒక ఆడమనిషి, ఆమె భర్త లోపలికి వచ్చారు. డెలియా చేతులు చాచి "హూఁ" అంటూ వాళ్ళ ముందుకు దూకింది.

"అయ్యో, ఎంత ముద్దుగా ఉందో చూడు," అంది ఆమె భర్తతో.

తరవాత వచ్చినాయన మెడలో కెమెరా ఉంది. గ్రాండ్ రాపిడ్స్ సిటీ నించి వచ్చినట్టున్నాడు. అక్టోబరు శనివారాల్లో అలాంటివాళ్ళు చాలామంది వస్తారు. ఏ తోటలో ఏది బాగుంటుందో కనుక్కుని, ఒక చోట గుమ్మడికాయ సూపు, ఇంకో చోట "పై" అనే ఆపిల్ తీపి రొట్టె తింటూ తిరుగుతారు. డెలియా దూకి, కేక పెట్టి, చేతులు దించేదాకా ఆయన ఓపిగ్గా ఆగాడు.

"ఏమ్మా, ఇక్కడ డోనట్లు ఎక్కడ అమ్ముతారు? దాల్చినచెక్క పంచదార అద్దినవి బాగుంటాయన్నారు."

అలా అడిగితే దెయ్యం ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

"బయటికెళ్ళి కుడి పక్కకి తిరగండి," అంది డెలియా మాస్కులోంచి. "మా నాన్నే వేస్తున్నాడు. వేడిగా ఉన్నప్పుడే తినండి."

"థాంక్స్, దెయ్యం," అని ఆయన వెళ్ళిపోయాడు.

ఎదురుగా ఉన్న శవపేటికలో కిసుక్కుమని నవ్వు వినిపించింది. అందులో ఉన్నది హ్యాటీ. డెలియా క్లాసే. హ్యాటీ పని మూత కొంచెం కొంచెంగా ఎత్తి, ఒక్క చెయ్యి మాత్రం బయటికి చాపడం. దానికే జనం హడలిపోతున్నారు.

"నీది దెయ్యం ఉద్యోగం కాదే, ఎంక్వయిరీ కౌంటరు," అంది హ్యాటీ.

"నోర్ముయ్యి. శవం మాట్లాడకూడదు."

కాసేపటికి తోట యజమానురాలు మిసెస్ కోవాచ్ లోపలికి వచ్చింది. భారీ మనిషి. గొంతు కూడా అంతే భారీ. ఊడిన సాలెగూడు ఒకటి సర్ది, డెలియా వైపు చూసింది.

"అలిసిపోయావా? కావాలంటే గుమ్మడికాయల దగ్గరికి వెళ్ళు. అక్కడ చిన్నపిల్లల మొహాలకి రంగులు వెయ్యడానికి మనిషి కావాలి."

"లేదండీ. బాగానే ఉన్నాను."

"నీ మూల కొంచెం చప్పగా ఉందంటున్నారు. అందుకని అడిగాను. నీ ఇష్టం." వెళ్తూ వెళ్తూ ఆమె తలుపు దగ్గర ఆగింది. "రూలు గుర్తుందిగా ఇద్దరికీ?"

"ఉందండీ," అన్నారు ఇద్దరూ.

ఆ కొట్టానికి ఉన్నది ఒకటే రూలు. భయం మరీ ఎక్కువై, ఇక చాలనిపించినవాళ్ళు తల మీద చెయ్యి పెట్టుకోవాలి. అది చూడగానే దెయ్యం మాస్కు తీసేసి తన పేరు చెప్పాలి. ఆ సంగతి బయట తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. టికెట్టు ఇచ్చేటప్పుడు కూడా చెబుతారు.

చప్పగా ఉందట. డెలియాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మోపు మీద కూర్చుని ఆలోచించింది. లోపలికి వచ్చేవాళ్ళు ఎటు చూస్తున్నారు? పైకి చూస్తున్నారు, ముందుకు చూస్తున్నారు. దెయ్యం మొహం ఉండే ఎత్తులో చూస్తున్నారు. కాళ్ళ కింద ఎవరూ చూడట్లేదు.

డెలియా మోపు దిగింది. నేల మీద పరిచిన ఎండుగడ్డిలో బోర్లా పడుకుని, మీదికి ఇంకాస్త గడ్డి లాక్కుంది.

ఈసారి వచ్చింది గడ్డం మనిషి. చేతిలో వేడి ఆపిల్ రసం కప్పు ఉంది. అతని బూటు పక్కకి రాగానే డెలియా చటుక్కున మడమ పట్టుకుంది.

అతను పెట్టిన కేకకు దూలం మీద పావురాలు లేచిపోయాయి. కప్పు ఒక పక్క, మూత ఒక పక్క పడ్డాయి. తరవాత అతనే పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. బయట లైన్లో నించున్నవాళ్ళు "ఓహో" అన్నారు.

"అదీ," అంది శవపేటికలోంచి హ్యాటీ.

ఆ తరవాత ముగ్గురు కాలేజీ అమ్మాయిలు వచ్చారు. ముగ్గురూ అరిచారు. ఒక తల్లి, పెద్ద కొడుకు వచ్చారు. తల్లి అరిచింది, కొడుకు ఆమె కన్నా గట్టిగా అరిచాడు. లైను పొడుగైంది. గడ్డి దెయ్యం ఎక్కడుందని బయట అడుగుతున్నారు. డెలియా కాళ్ళు నేల మీద నిలవలేదు. నిజానికి ఆమె బోర్లా పడుకునే ఉంది. అయినా అలాగే అనిపించింది.

అప్పుడు వచ్చాడు ఓటిస్.

వాడికి ఆరేళ్ళు. డెలియా బడిలోనే ఒకటో తరగతి. పక్కనే వాడి తాత, చేతికర్రతో. గడ్డిలోంచి డెలియాకు ముందు రెండు పెద్ద బూట్లు, ఒక కర్ర, రెండు చిన్న బూట్లు కనిపించాయి. తలెత్తి చూసింది. ఓటిస్ కుడిచెయ్యి తాత చేతిలో ఉంది. ఎడమచెయ్యి తల మీద ఉంది. గాలికి టోపీ ఎగిరిపోతుందేమో అన్నట్టు గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

హ్యాటీ మూత పూర్తిగా తీసి లేచి కూర్చుంది. మాస్కు తీసింది. "నేను హ్యాటీని," అంది. "ఇందులో ఇంకేం లేదు, దిండు ఉందంతే. కావాలంటే చూడు."

ఓటిస్ తొంగిచూశాడు. నిజంగానే దిండు ఉంది. వాడి మొహం కొంచెం తేరుకుంది. చెయ్యి మాత్రం తల మీంచి తియ్యలేదు. అలాగే నాలుగడుగులు వేసి డెలియా ఉన్న గడ్డి దగ్గరికి వచ్చాడు.

డెలియా ఆ చెయ్యి చూసింది. లాంతరు వెలుగులో స్పష్టంగా చూసింది. ఇంత చిన్నవాడు ఎంత గట్టిగా అరుస్తాడో అనుకుంది. ఒక్కసారే. వెంటనే మాస్కు తీసేద్దాం, పేరు చెప్పేద్దాం అనుకుంది. అనుకుంటూ ఉండగానే చెయ్యి ముందుకు పోయింది.

ఓటిస్ అరిచాడు.

అది మిగతావాళ్ళ అరుపులా లేదు. వాళ్ళ అరుపు చివర నవ్వు ఉండేది. ఇందులో అది లేదు.

వాడు తాత చెయ్యి విదిలించుకున్నాడు. కాలు లాక్కున్నాడు. బూటు డెలియా చేతిలో ఉండిపోయింది. ఆమె మాస్కు తియ్యడానికి లేచేసరికి వెనక తలుపు గోడకు కొట్టుకుంది. ఓటిస్ లేడు.

వెనక తలుపు తీస్తే మొక్కజొన్న చేను. కంకులు కోసేశారు, దంట్లు మాత్రం అలాగే నిలిచి ఉన్నాయి. మనిషి కన్నా ఎత్తు. లోపల వంకరటింకర దారులు తీసి దాన్ని ఒక పద్మవ్యూహంలా చేశారు. జనం టికెట్టు కొనుక్కుని మరీ అందులో దారి తప్పుతారు. లోపలికి పోవడం తేలిక. బయటికి రావడానికే అభిమన్యుడంతటివాడికీ కష్టం. అయితే టికెట్టు కొన్నవాళ్ళ చేతిలో దారి గీసిన కాగితం ఉంటుంది. ఓటిస్ చేతిలో ఏమీ లేదు. కాలికి ఒక బూటు కూడా లేదు.

తాత కుంటుకుంటూ తలుపు దాకా వెళ్ళాడు. "ఓటిస్," అని పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. ఎండిన ఆకులు గలగలమన్నాయి తప్ప జవాబు లేదు.

అయిదు నిమిషాల్లో తోటలో పాటలు ఆగిపోయాయి. జనాన్ని తిప్పే ట్రాక్టరు బండి ఆగింది. మిసెస్ కోవాచ్ గేటు మూయించి మైకులో బాబు గుర్తులు చెప్పింది. తరవాత గబగబా కొట్టం దగ్గరికి వచ్చింది.

"లోపల ఏం జరిగింది?"

"సరిగ్గా చూడలేదమ్మా, చీకటిగా ఉంది," అన్నాడు తాత. ఆయన పేరు మార్విన్. "వాడు తల మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాడు. రానంటే నేనే నచ్చజెప్పి తీసుకొచ్చాను. చెయ్యి పెట్టుకుంటే ఎవరూ ఏమీ చెయ్యరురా అని మాటిచ్చాను. ఏ మోపుకో కాలు తగిలి బెదిరిపోయాడో ఏమో."

మిసెస్ కోవాచ్ ఇద్దరు దెయ్యాల వైపూ తిరిగింది. "మీరెవరైనా ముట్టుకున్నారా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, డెలియా చేతిలో బూటును గౌను మడతల్లోకి జరిపింది.

"లేదండీ," అంది. "నేను చూడలేదు."

హ్యాటీ డెలియా మొహంలోకి చూసింది. తరవాత చెప్పులు చూసుకుంటూ నించుంది.

డెలియా నాన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆప్రాన్ నిండా పిండి. డోనట్లు వేసే మూకుడు కింద మంట ఆపేసి వచ్చాడు. ఇంకా పదిమంది పోగయ్యారు. అందరూ తలోవైపు నించీ చేలోకి దిగారు. సూర్యుడు ఆపిల్ చెట్ల కొమ్మల దాకా దిగాడు. దగ్గర్లోని సరస్సు వైపు నించి గాలి చల్లగా వీస్తోంది.

డెలియా కూడా దిగింది. మాస్కు నుదుటి మీదికి తోసుకుంది. బూటు గౌను కింద దాచుకుంది.

"ఓటిస్," అని ఒక పక్క మగ గొంతు. "ఓటిస్, బయటికి రా బాబూ," అని ఇంకో పక్క. ఎటు చూసినా దంట్లే, ఎటు విన్నా కేకలే. డెలియా కూడా రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవబోయి ఆగింది.

తనను ఒక దెయ్యం తరిమితే, ఆ తరవాత చుట్టూ ఇన్ని గొంతులు తన పేరు పెట్టి పిలుస్తుంటే, తను పలుకుతుందా? పలకదు. ఇంకా లోపలికి పోతుంది. దారి మీద ఉంటే దొరికిపోతుంది కాబట్టి దారి మీద కూడా ఉండదు.

ఆమె తల వంచి నేల చూస్తూ నడిచింది. ఒక మలుపులో తడి మట్టి ఉంది. అందులో చిన్న బూటు అచ్చు ఒకటి, దాని పక్కనే బూటు లేని పాదం అచ్చు. ఆ అచ్చులు దారి వదిలేసి దంట్ల మధ్యకి తిరిగి ఉన్నాయి.

డెలియా చేతులతో దంట్లు తప్పించుకుంటూ వెళ్ళింది. ఆకుల అంచులు మొహానికి గీసుకున్నాయి. కొంతదూరం పోయాక ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

ఓటిస్ రెండు సాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. మేజోడు బురదతో నల్లబడింది. ఒక చేత్తో మోకాళ్ళు చుట్టుకున్నాడు. రెండో చెయ్యి ఇంకా తల మీదే ఉంది.

డెలియాను చూడగానే వాడు వెనక్కి జరిగాడు. ఆమె నుదుటి మీది మాస్కు తీసి దూరంగా విసిరేసింది.

"నా పేరు డెలియా," అంది.

అది కొట్టంలో చెప్పాల్సిన మాట. ఇక్కడికొచ్చి చెప్పింది.

"నా కాలు పట్టుకుంది నువ్వే కదూ," అన్నాడు ఓటిస్.

"ఊఁ. నేనే."

"నేను చెయ్యి పెట్టాను. ఇదిగో, ఇలాగే పెట్టాను. చెయ్యి పెడితే ఏం చెయ్యరని తాత చెప్పాడు. అది రూలన్నాడు." ఓటిస్ ముక్కు తుడుచుకున్నాడు. "నీకు కనబడలేదా?"

చీకట్లో కనబడలేదు. ఆ మాట డెలియా నాలుక చివరి దాకా వచ్చింది. ఎంత తేలికైన మాట. అంటే చాలు, వాడు నమ్మేస్తాడు. లేచి వచ్చేస్తాడు. ఎవరూ ఇంకేమీ అడగరు. పొరపాటని అందరూ అనుకుంటారు.

వాడు చెయ్యి తల మీంచి తియ్యకుండా ఆమె వైపే చూస్తున్నాడు.

"కనబడింది," అంది డెలియా.

"మరెందుకు పట్టుకున్నావ్?"

"నువ్వు గట్టిగా అరుస్తావని."

"అరిచానా?" అన్నాడు ఓటిస్.

"చాలా గట్టిగా."

"అందరికన్నానా?"

"అందరికన్నా."

వాడు దానికి సంతోషించలేదు. ఏడవలేదు కూడా. సంగతి తెలుసుకున్నాడు, అంతే. తరవాత కాలు ముందుకు చాపాడు. "నా బూటేది?"

డెలియా బూటు తీసి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వాడు చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వొద్దు. అక్కడ పెట్టు."

ఆమె నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. ఓటిస్ తనే తొడుక్కున్నాడు. లేసు ముడి వెయ్యడానికి మొదటిసారి తల మీంచి చెయ్యి దించాడు. ముడి రెండుసార్లు ఊడిపోయింది. డెలియా సాయం చెయ్యబోలేదు. ఊరికే ఆగింది.

"నీ పేరు పెట్టి పిలుస్తున్నారు విన్నావా? దొరికాడని కేక వెయ్యనా?"

"వద్దు. అరవకు."

"సరే. పద వెళ్దాం." ఆమె చెయ్యి చాపింది.

ఓటిస్ ఆ చెయ్యి పట్టుకోలేదు. "నువ్వు ముందు నడు," అన్నాడు. "చేతులు తల మీద పెట్టుకో. రెండూ. నాకు కనబడాలి."

డెలియా రెండు చేతులూ తల మీద పెట్టుకుని నడిచింది. చేతులతో తప్పించుకోవడానికి లేదు కాబట్టి ఆకులన్నీ మొహానికే తగిలాయి. వెనక ఓటిస్ అడుగులు వినిపిస్తున్నాయి. తను ఆగినప్పుడల్లా అవీ ఆగుతున్నాయి. ఒక మలుపులో ఆమె చెయ్యి కొంచెం కిందికి జారింది. "చెయ్యి," అన్నాడు వెనక నించి. ఆమె మళ్ళీ సరిగ్గా పెట్టుకుంది.

అలాగే ఇద్దరూ చేలోంచి బయటికి వచ్చారు. నల్లగౌను దెయ్యం చేతులెత్తుకుని ముందు నడుస్తుంటే, వెనకాల ఆరేళ్ళ పిల్లాడు పోలీసులా వస్తున్నాడు. గేటు దగ్గర జనం నవ్వారు. కెమెరా ఆయన ఫోటో తీశాడు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు.

మార్విన్ తాత నవ్వలేదు. కర్ర కింద పడేసి మనవడిని పొదివి పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తరవాత తలెత్తి డెలియాను చూశాడు.

"నీ మేలు మరిచిపోనమ్మా," అన్నాడు. "భలే వెతికి పట్టుకున్నావు."

"దెయ్యమే కాపాడింది చూడండి," అన్నారెవరో. డెలియా నాన్న గర్వంగా ఆమె భుజం తట్టాడు. ఆప్రాన్ మీది పిండి గౌనుకు అంటుకుంది.

ఓటిస్ తాత కోటులోంచి మొహం బయటికి పెట్టి చూస్తున్నాడు. వాడు ఏమీ చెప్పేలా లేడు. డెలియా ఏం చెబుతుందా అని చూస్తున్నాడు.

డెలియా చేతులు ఇంకా తల మీదే ఉన్నాయి. నెమ్మదిగా దించింది.

"వాడి కాలు పట్టుకుంది నేనే," అంది మిసెస్ కోవాచ్ వైపు తిరిగి. "చెయ్యి పెట్టుకున్నాడని తెలిసే పట్టుకున్నాను. ఇందాక మీరు అడిగితే లేదన్నాను. బూటు నా దగ్గరే ఉంది అప్పుడు."

నవ్వులు ఆగిపోయాయి. నాన్న ఆమె భుజం మీంచి చెయ్యి తీసేయలేదు గానీ తట్టడం మానేశాడు.

మార్విన్ తాత వంగి కర్ర తీసుకున్నాడు. కొంచెంసేపు ఆ కర్ర వైపే చూశాడు. "వాడు రానన్నాడమ్మాయ్," అన్నాడు. "నేను మాటిచ్చాను." మనవడి చెయ్యి పట్టుకుని కార్ల వైపు వెళ్ళిపోయాడు.

మిసెస్ కోవాచ్ జనాన్ని పంపేసి డెలియా దగ్గరికి వచ్చింది. డెలియా తిట్ల కోసం ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది.

"ఇవాళ్టికి దెయ్యం పని చాలు," అందామె. "గౌను మడతపెట్టి ఇచ్చి వెళ్ళు."

"వచ్చే శనివారం రావద్దా అండీ?"

"నీకు రావాలనుందా?"

"తెలీదు."

"తెలిశాక చెప్పు."

ఇంటికి వెళ్ళే దారిలో వ్యానంతా దాల్చినచెక్క వాసన. ఊరి మలుపు దగ్గర నాన్న అన్నాడు, "ఆ తాతకి డోనట్లు పొట్లం కట్టి తీసుకెళ్ళాను. వద్దన్నాడు."

డెలియా కిటికీలోంచి బయటికి చూసింది. ఇళ్ళ ముందు మెట్ల మీద, మొహాలు చెక్కిన గుమ్మడికాయలు వరసగా కూర్చుని ఉన్నాయి.

మంగళవారం బడిలో, లైబ్రరీ ముందు వరండాలో, ఒకటో తరగతి పిల్లలు లైనుగా ఎదురయ్యారు. లైన్లో చివర ఓటిస్ ఉన్నాడు. డెలియాను చూడగానే వాడి చెయ్యి తల మీదికి పోయింది.

డెలియా మొహానికి మాస్కు లేదు. చేతిలో పుస్తకాల సంచి ఉంది. పక్కన హ్యాటీ ఉంది. వెనక ఇంకో అయిదుగురు క్లాసు పిల్లలు ఉన్నారు. వాళ్ళకి ఇదేమిటో అర్థం కాలేదు.

డెలియా ఆగింది. "నేను డెలియాని," అంది.

ఓటిస్ తలాడించాడు. చెయ్యి దించి, ముందుకు పోయిన తన లైను అందుకోవడానికి పరిగెత్తాడు.

"ఏంటే అది?" అన్నారు వెనకవాళ్ళు.

"ఏం లేదు," అంది హ్యాటీ. "మా ఇద్దరి ఉద్యోగం సంగతి."

శుక్రవారం బడి వదిలాక డెలియా సైకిలు తొక్కుకుంటూ తోటకి వెళ్ళింది. మిసెస్ కోవాచ్ ఆపిల్ బుట్టలు దించుతోంది.

"వస్తానండీ రేపు. కానీ గడ్డిలో పడుకోను."

"మరి?"

"మోపు మీదే నించుంటాను."

"అరుపులు రావు మరి."

"రాకపోతే పోనీండి."

మిసెస్ కోవాచ్ ఒక బుట్ట ఆమె చేతికిచ్చింది. "అది అవతల పెట్టి, పొద్దున పదింటికి రా," అంది.

శనివారం జనం బాగానే వచ్చారు. డెలియా మోపు మీద నించుని దూకింది. కొందరు ఉలిక్కిపడ్డారు. కొందరు ముద్దుగా ఉందన్నారు. ఒక పెద్దావిడ గుమ్మడికాయ సూపు ఎక్కడ పోస్తున్నారని అడిగింది. డెలియా చెప్పింది.

మధ్యాహ్నం అయిదారుగురు పెద్దవాళ్ళు గుంపుగా వచ్చారు. ఒకే ఆఫీసువాళ్ళలా ఉన్నారు. పెద్దగా నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ వస్తున్నారు. వాళ్ళ మధ్యలో ఒకామె నవ్వట్లేదు. చేతిలో డోనట్ల కాగితం సంచి నలిగిపోయి ఉంది. డెలియా దూకబోతుండగా ఆమె చెయ్యి పైకి లేచింది. తల దాకా రాలేదు. చెవి దగ్గర ఆగి జుట్టు సర్దుకుంది. సర్దుకుందో, పెట్టుకోబోయి సిగ్గుపడిందో తెలియలేదు.

డెలియా దూకలేదు. మోపు దిగి మాస్కు తీసేసింది.

"నా పేరు డెలియా," అంది. "అయిదో తరగతి."

"అయ్యో, పాపా, ఆమె జుట్టు సర్దుకుందంతే," అన్నాడు గుంపులో ఒకతను. "మాస్కు పెట్టేసుకో, పెట్టేసుకో. మేం భయపడాలనే డబ్బులిచ్చి వచ్చాం."

డెలియా ఆ మాట విననట్టే ఆమె వైపు చూసింది. ఆమె ఊపిరి వదిలింది.

"మేం బయటికి వెళ్ళేదాకా పెట్టుకోకు," అంది చిన్నగా.

"సరే అండీ."

డెలియా మాస్కును వీపు వెనక పట్టుకుని, ఆమె పక్కనే వెనక తలుపు దాకా నడిచింది. అక్కడ కింద గడప ఎత్తుగా ఉందని చెప్పింది. గుంపు బయటికి పోయింది. ఒక్క అరుపు కూడా లేకుండానే పోయింది.

"అంతమంది వచ్చారు, ఒక్కరూ అరవలేదు కదే," అంది శవపేటికలోంచి హ్యాటీ.

"పోనీలే."

డెలియా మోపు ఎక్కి మాస్కు పెట్టుకుంది. తలుపు మళ్ళీ కిర్రుమంది. లోపలికి వచ్చినవాళ్ళ మొహాలు తరవాత చూసింది. ముందు చేతులు చూసింది.